నారికురుపు పోయిన తరువాత

తెలుగు నిఘంటువులలో ‘నారి’ యను మాటకు ఇతరార్థములతో పాటు ఈ రెండును కానవచ్చును. ఒకటి వింటిత్రాడు. రెండవది మనుష్యుని కాలినుండి వెలువడు పురుగు. పోలిక స్పష్టమే. రెండును సన్నముగా, పొడవుగా, బిగువుగా నుండును. మొదటి అర్థము కావ్యములలో నిలిచినది. రెండవదానిని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఏబది యేండ్లు దాటినవారే కన్నులార చూచియుందురు. వారి మనుమలకు ఆ మాటయే తెలియదు. ఒక రోగమును గెలిచితిమనుటకు దాని పేరు పిల్లలకు తెలియకుండుటకంటె మంచి సాక్ష్యము లేదు. కాని ఆ గెలుపు వచ్చిన దారినే మరియొక బాధయు మన యిండ్లలో ప్రవేశించినది. ఆ రెండింటి కథయే ఈ ప్రసంగము.

ముందుగా సీమను గూర్చి కొంత చెప్పవలెను. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల, ఆలంపూరు భూములకు నడిగడ్డ యని పేరు. కృష్ణకు ఆవలిగట్టున వనపర్తి, దానికి తూర్పున కొల్లాపురము, నాగర్‌కర్నూలు, అటుపైన నల్లమల. 2016 అక్టోబరు వరకు ఇవన్నియు ఒక్క మహబూబునగరము జిల్లాలోనివే. జనులు నేటికిని పాలమూరనియే అందురు. పటమును చూచినవానికి ఇన్ని నదులున్న సీమకు నీటికొరత యేమిటని తోచును. నదులు లోతున పారును, ఊళ్లు మిట్టలపై నుండును, నడుమ గట్టిరాయి. వాన కొలది. ఈ సంగతి నెరిగియే సంస్థానాధీశులు చెరువులు కట్టించిరి. వనపర్తి సంస్థానమున సప్తసముద్రములని పేరుపొందిన చెరువులు గలవు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి గుడి చెంతనున్న రంగసముద్రము చూచినవారు దానిని చెరువనుటకు నిజముగా జంకుదురు.

అయితే చెరువు పొలమునకు, పశువునకు. త్రాగునీటికి జనులు వేరుచోట్లకు పోవుచుండిరి. వాగు ఎండినప్పుడు ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీటిని చిప్పతో ముంచి బిందెకెత్తుకొనుట ఒకటి. ఊరి దిగుడుబావి రెండవది. నీటిని శుభ్రపరచు విద్యయు మనకు క్రొత్తది కాదు. చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చుట, పటిక త్రిప్పుట, బిందెమూతికి గుడ్డ కట్టి వడబోయుట మన అవ్వలెరిగినవే. వారు ఎరిగినదానికి కారణము మాత్రము తరువాత తెలిసినది.

దిగుడుబావిని నేడు శిల్పముగా మెచ్చుకొనుచున్నాము. మెచ్చదగినదే. రాతిమెట్లు వరుసగా నీటివరకు దిగును. వేసవిలో నీరు క్రిందికి పోయినకొలది మనిషియు రెండుమెట్లు క్రిందికి దిగును. త్రాడు అక్కరలేదు, గిలక అక్కరలేదు. దిగినవాడు పిక్కలలోతు నీటిలో నిలిచి బిందె ముంచును. అందు కాళ్లు కడుగుకొనును, ముఖము కడుగుకొనును, ఆ నీటినే యింటికి గొనిపోవును. ఇంకొక మాట. ఆ మెట్లు అందరు దిగుటకు కట్టినవి కావు. పెక్కూళ్లలో కొన్ని కులములవారికి వానిపై అడుగిడు హక్కే లేకుండెను. వారు గట్టున నిలిచి పైవారు పోసిన నీటికై వేచియుండవలెను, లేనిచో వాగుకు పోవలెను. మన జనుల తిండిని, బట్టను, ఆటలను గూర్చి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డయే. ఆ కోవలో ఊరిబావికి వేరుగా నొక ప్రకరణము వ్రాయదగినంత కథ యున్నదని నా తలంపు. రోగము మాత్రము కులము నెంచలేదు. గట్టుమీద పోసినదియు మెట్లకడ ముంచినదియు ఒకే నీరు గదా!

ఆ నీటిలో జరుగుచుండిన దిది. నారి సోకినవాని పిక్కపైననో, మడమ దగ్గరనో బొబ్బ లేచును. నిప్పంటినట్లు మండును. మంట తీరుటకు వాడు బావి దిగి కాలు నీటిలో పెట్టును. నీరు తగిలినంతనే బొబ్బ పగిలి, లోనున్న ఆడపురుగు వేలకొలది పిల్లలను నీటిలోనికి వదలును. ఆ పిల్లలను సైక్లోప్సు అను చిన్నజీవి మ్రింగును. చుక్కంత యుండు ఈ ప్రాణికి ఒకటే కన్ను. గ్రీకుల పురాణములలోని ఒంటికంటి రాక్షసుని పేరు దానికి పెట్టినారు. మన శుక్రాచార్యుని పేరు పెట్టినను చెల్లును. రెండువారములకు ఆ జీవి కడుపులో నారిపిల్ల ఎదుగును. అటుపిమ్మట ఆ నీరు త్రాగినవాని కడుపున సైక్లోప్సు చచ్చును, నారిపిల్ల బ్రదుకును. ప్రేగులను దాటి, దేహములో తిరిగి, సుమారొక సంవత్సరమునకు గజము పొడవు పెరిగి, కాలిలోనికి దిగును.

ఈ సంవత్సరపు లెక్కయే మిక్కిలి క్రూరమైనది. వేసవిలో నీరు అడుగంటినప్పుడు సైక్లోప్సులు చిక్కబడును. అప్పుడు త్రాగినవానికి మరుసటి వేసవిలో కురుపు లేచును. వాడు దిగునదియు అదే బావి, నీరు అడుగంటియున్నదియు అప్పుడే. ఏటేట ఆ చక్రము తిరుగుచుండెను. నేడు త్రాగిన నీటికి రానున్న యేడు కాలు వాచునని ఎవడు ఊహింపగలడు? అందుచేతనే జనులు దానిని దైవాగ్రహమనియు, చెడురక్తమనియు తలచిరి. మందు లేదు. బయటికి వచ్చిన కొనను పుల్లకు చుట్టి, దినమునకు అంగుళము రెండంగుళముల చొప్పున, తెగకుండ, వారములతరబడి లాగవలెను. తెగెనా, కాలు చీముపట్టి వాచును. దుక్కులు దున్ని విత్తనము చల్లవలసిన దినములలో యింటి మగవాడు కుక్కిమంచములో పడియుండుట కూలినాలి బ్రదుకునకు ఎట్టి దెబ్బయో వేరుగా చెప్పనక్కరలేదు.

1870లో రష్యను శాస్త్రజ్ఞుడు ఫెద్చెంకో తుర్కిస్తానమున ఈ రోగమునకును సైక్లోప్సునకును గల సంబంధమును కనుగొనెను. తెలిసినపిదప ఉపాయము తేలిక. బుఖారా నగరమున ఇట్టి కొలనులను ఎండగట్టియు, శుద్ధిచేసియు, ఇసాయెవ్ అను వైద్యుని నాయకత్వమున 1930 దశకపు తొలినాళ్లకే నారిని నిర్మూలించిరి. మనకు పొరుగున, నాటి మైసూరు సంస్థానములోని చితల్‌దుర్గ మండలమున వి.ఎన్. మూర్తిగారు దిగుడుబావులలో సైక్లోప్సులను తిను చేపలను విడిచి చూచిరి. 1936లో ఆ ఫలితములు అచ్చయినవి. తుంగభద్రకు ఆవలనున్న కర్నూలు మండలపు నారికురుపును గూర్చిన పరిశోధన 1969లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడినది. ఆ వ్యాసములు చదివినప్పుడు నాకు విచారము కలుగును. ఎరుక 1870 నాటిది; మన యూరి బావికి గోడ లేచునప్పటికి నూరేండ్లు దాటినవి.

ప్రభుత్వము 1983-84లో జాతీయ నారికురుపు నిర్మూలన కార్యక్రమమును ఆరంభించినది. ఢిల్లీలోని సాంక్రామిక వ్యాధుల జాతీయసంస్థ దానిని నడపినది. రోగమున్న రాష్ట్రములు ఏడు. అందు నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి, అందు మన పాలమూరు జిల్లాయు చేరియుండెను. 1984 నాటికి దేశమున సుమారు 40,000 మంది రోగులను లెక్కించిరి. చేసినపని చూచినచో విడ్డూరమనిపించును. అందు గొప్ప యంత్రమేదియు లేదు. వేసవినెలలలో బావినీటిలో టెమిఫాస్ అను మందును పదిలక్షల పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున కలిపిరి. అది సైక్లోప్సును చంపును, మనిషికి హాని చేయదు. ఇల్లిల్లు తిరిగి వడగట్టు గుడ్డలు పంచిరి. అవ్వల నాటి గుడ్డయే! బురదకై కట్టిన గుడ్డ పురుగునుగూడ ఆపునని, అయితే దానిని తప్పక ప్రతిదినము, సన్ననేతదై, రెండుమడతలు వేసి కట్టవలెనని చెప్పవలసి వచ్చినది. మేస్త్రులు దిగుడుబావి మెట్లను మూసివేసి, చుట్టు గోడ లేపి, గిలక బిగించి చేదబావిగా మార్చిరి. మనిషి కాలు నీటికి తగులకుండ చేయుటయే యిందలి మర్మము. ఆ గోడయే ఒక చికిత్స.

దేశములోని చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమున జోధ్‌పూరు జిల్లాలో కనిపించెను. 2000 ఫిబ్రవరిలో భారతదేశమునకు నారి వదలినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రము నిచ్చినది. ఊరూర గుడ్డలు పంచిన ఆరోగ్య కార్యకర్తల పేర్లు ఏ ధ్రువపత్రములోను లేవు.

ఈ పనిలో దిగుడుబావికి బదులుగా వచ్చిన మరియొక వస్తువు గలదు, అదియే బోరింగు. 1967 ప్రాంతపు కరవుదినములలో యూనిసెఫ్ సంస్థ గట్టిరాతిని తొలిచెడి యంత్రములను మన దేశమునకు తెప్పించినది. మనవి రాతినేలలు, చేతితో బావి త్రవ్వుటకు నెలలు పట్టుచోట ఆ యంత్రము ఒకటి రెండు దినములలో వందలాది అడుగుల లోతునకు పోవును. 1970 దశకపు చివర ఇండియా మార్క్ రెండు అను చేతిపంపు రూపొందినది. 1981 మొదలు 1990 వరకు ఐక్యరాజ్యసమితి త్రాగునీటి దశాబ్దముగా ప్రకటించినది. ఆ కాలముననే బోరింగులు ఊరూర వెలసెను. ముఖ్యముగా ఊరిబావి మెట్లకు దూరముగా నుంచబడిన వాడలలో బోరింగు వేయుట కేవలము నీటిమాట కాదు. ఎవరి దయకును వేచియుండక, పిడి క్రిందికి వంచిన వెంటనే వచ్చు నీరది. మూతపడిన నీరు, అందులో సైక్లోప్సు లేదు, నాచు లేదు, బురద లేదు. అద్దమువలె తేటగా నుండెను.

తేటదనమే మనలను మోసగించినది.

ఈ సీమలోని నల్లసేనపురాళ్లలో, అనగా గ్రానైటులలో, అభ్రకము మొదలగు ఖనిజములు ఫ్లోరిన్‌ను పట్టుకొని యుండును. నీరు రాతిపగుళ్లలో ఎంత లోతున, ఎంతకాలము నిలిచిన, అంతగా ఫ్లోరైడు దానిలో కరగును. నీటిలో సున్నపుపాలు ఎక్కువగా నున్నచో అది ఫ్లోరైడును కొంతవరకు కట్టివేయును. ఎండ మెండు, వాన తక్కువ యగుచోట్ల ఆ సున్నము కంకరగా నేలలోనే పేరుకొనిపోయి, నీటిలో సోడాపాలు హెచ్చి, ఫ్లోరైడునకు అడ్డు లేకుండ పోవును. వానకు నిండి వేసవికి తరుగు పైనీటిలో ఇది సాధారణముగా తక్కువ; లోతునీటిలో హెచ్చు. అన్ని యూళ్లలో నిట్లు కాదు, ఒకే యూరిలో రెండు బోరింగులకు పొత్తు కుదరకపోవుటయు గలదు. మన ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మేలు. వేరు నీరు దొరకనప్పుడు ఒకటిన్నరవరకు ఓర్వవచ్చును. దానిని మించిన నీరు మూడు జిల్లాలలోను పలు గ్రామముల బోరులలో కనుగొనబడినది. అట్టి నీటిని ఎదుగు వయసున త్రాగిన పిల్లలకు గారపళ్లు. పెక్కేండ్లు త్రాగినవారికి మెడ తిరుగదు, వెన్ను వంగును, మోకాళ్లు బిగియును. నారి ఏడాదికి బయటపడెడిది. ఇది ఇరువదేండ్లకు బయటపడును.

ఇచ్చట నొక చేదుమాట చెప్పక తప్పదు. ఈ సంగతి బోరింగులు వేయుటకు పూర్వమే మన తెలుగునేలపై తెలిసియుండెను. 1937లోనే షార్టు మొదలగు వైద్యులు నెల్లూరు మండలపు పల్లెలలో ఫ్లోరైడు వలన ఎముకలు వంగినవారిని పరీక్షించి లోకమునకు చాటిరి. 1955లో డాక్టరు సిద్దీఖీ నల్లగొండ జిల్లాలోని ఈ రోగమును గూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసిరి. నల్లగొండకును నాగర్‌కర్నూలునకును నడుమ ఎంత దూరము? రాయియు ఒకే జాతిది. అయినను బోరు వేసినప్పుడు నీరు పడినదా లేదా, ఉప్పగా నున్నదా తియ్యగా నున్నదా యని చూచిరే గాని, ఫ్లోరైడు కొలిచి పిదప పిడి బిగించుట పెక్కుచోట్ల జరుగలేదు. బోరింగు వేసినవారిని దోషులనుట న్యాయము కాదు. వారి కండ్లయెదుట పుల్లకు చుట్టిన పురుగు ఉన్నది, కలరా ఉన్నది. బంగ్లాదేశమునను ఇట్లే జరిగినది. చెరువునీటి రోగములనుండి తప్పించుటకు 1970 దశకము మొదలు గొట్టపుబావులు విరివిగా వేసిరి. 1993లో గాని ఆ నీటిలో పాషాణము, అనగా ఆర్సెనిక్, ఉన్నదని బయటపడలేదు. పురుగును వెదకు కన్ను లవణమును చూడదు. దోషమున్నచో అది ఒకే కన్నుతో చూచుటలో నున్నది, సైక్లోప్సు వలె.

ఈ లవణమును నీటినుండి తీయు ఉపాయమును మన పరిశోధకులే కనుగొనిరి. నాగపురమున 1958లో స్థాపింపబడి, 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థగా పేరుమారిన సంస్థవారు 1970 దశకమున రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి యని పేరు. ఒక జిల్లా బాధ ఒక విద్యకు పేరగుట విచిత్రమే. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములలోని ఇంజనీర్లుగూడ ఆ పేరుతోనే దానిని వాడిచూచిరి. అందలి సరుకులు మన యంగడిలోనివే: పటిక, సున్నము, బ్లీచింగుపొడి. పటిక నీటిలో తెల్లని రేకులుగా విరిగి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పటిక వలన పుట్టు పులుపును సున్నము విరుచును. బ్లీచింగుపొడి క్రిములను చంపును. బకెట్టులో కలిపి, పది నిమిషములు త్రిప్పి, గంటసేపు కదల్పక యుంచి, పైతేట వంచుకొనిన చాలును.

చాలునా? శాస్త్రదృష్టిలో చాలును. ఇంటిలో మాత్రము చాలలేదు. పటిక ఎంత వేయవలెనో నీటిలోని ఫ్లోరైడును బట్టియు, క్షారమును బట్టియు ఊరూర మారును. తక్కువైన ఫలము లేదు, ఎక్కువైన నీరు వగరు, అల్యూమినియము మిగులును. అడుగున మిగిలిన మడ్డిని పారబోయుచోట అదియు మరల నేలలోనికే. అన్నిటికంటె ముఖ్యమైనది, అది నిత్యము చేయవలసిన పని. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసి కూలికి పోవు స్త్రీ, కంటికి కనబడని, నాలుకకు తెలియని, ఇరువదేండ్లకు గాని ఫలము చూపని దానికొరకు ప్రతిదినము గంటసేపు బకెట్టు కడ నిలుచునా? వడగట్టు గుడ్డ గెలిచినచోట పటిక ఓడినది. కారణము స్త్రీల అజ్ఞానము కాదు. గుడ్డపై పురుగును చూపవచ్చును. బకెట్టులో చూపుటకు ఏమున్నది? అదిగాక గుడ్డతో పనియైన పిదప చక్రము తెగును, నారి మరల రాదు. పటికతో పని ఎన్నటికిని తీరదు, రాయి ఉన్నంతకాలము ఫ్లోరైడు ఊరుచునే యుండును.

కనుక తుదకు నేలనీటిని శుభ్రపరచుట విడిచి, నదినీటిని తెచ్చుటకే నిశ్చయము జరిగినది. ఇందు పాలమూరునకు ప్రత్యేకమైన ఒక విషాదము గలదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలిచినప్పుడు, 1980 దశకపు తొలినాళ్లలో, ఆలంపూరు, కొల్లాపురము తాలూకాలలో పెక్కు గ్రామములు మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయిరాయి విప్పి ఆలంపూరునకు తరలించిరి. జనులను తరలించుటలో అంత శ్రద్ధ చూపిరని చెప్పజాలము. దేశమున ఏ మూల ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను పలుగుపారలతో పోయినవారు పాలమూరు కూలీలు. వారి యాడవారు మాత్రము బిందెలతో మైళ్లు నడచిరి. ఆ మునిగిన లోయ నీరు మరల మిట్టకెక్కుటకు ముప్పది యేండ్లు దాటినవి. 2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైనది. శ్రీశైలము వెనుకజలమును కొల్లాపురము దగ్గరి ఎల్లూరుకడ నెత్తి, శుద్ధిచేసి, పాలమూరు పల్లెలకు పంపుచున్నారు. శుద్ధిచేయుటలో మొదట వేయునది మరల పటికయే. అయితే బకెట్టులో గాక పెద్ద తొట్లలో, గృహిణి చేతితో గాక ఉద్యోగుల చేతితో.

తెలంగాణమున ఫ్లోరైడు బాధిత ఆవాసములు ఇక లేవని 2020 నాటి కేంద్రప్రభుత్వ లెక్కలు చూపినవి. ఈ సున్నను జాగ్రత్తగా చదువవలెను. ప్రతి యూరికి వేరు నీరు చేరినదని దాని యర్థము. నేలలోని నీరు శుభ్రపడినదని కాదు. పాత బోరింగు పెక్కుచోట్ల అట్లేయున్నది, గొట్టము పగిలిన నాడు జనులు మరల దానికడకే పోదురు. మరికొందరు కుళాయినీటి రుచి నచ్చక, ఊరిలోని ఆర్.ఓ. యంత్రముల నీటిని క్యానులతో కొనుచున్నారు. ఆ యంత్రము తేటనీటిని ఒకప్రక్క, ఉప్పుదేలిన నీటిని ఒకప్రక్క విడదీయును. రెండవది కాలువలో పడి మరల నేలకే ఇంకును.

ఈ లెక్కలను సరిచూచుటకు ప్రయోగశాల అక్కరలేని మార్గమొకటి గలదు. నోటిముందరి శాశ్వతదంతములపై పింగాణిపొర బిడ్డ పుట్టిన తొలి నాలుగైదేండ్లలో చిగురులోపలనే ఏర్పడును. ఆ పళ్లు పైకి మొలచుట ఏడవ యేటి ప్రాంతమున. ఆ యేండ్లలో బిడ్డ త్రాగిన నీరు బోరుదో, నదిదో ఆ పొరపై వ్రాసియుండును. ఇంటింట కుళాయిలు వచ్చిన 2018, 2019 సంవత్సరములలో పుట్టిన పిల్లలకు ఆ వయసు వచ్చినది. కొల్లాపురమున గాని, పెబ్బేరున గాని, అయిజలో గాని రెండవ తరగతి ఉపాధ్యాయుడు పిల్లలను నవ్వుమని చెప్పి, వరుసగా వారి పళ్లను చూచినచో, ఏ యింటిలో ఏ నీరు త్రాగినారో తెలిసిపోవును.